మెట్ల మీద స్వరాలు

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో రోజూ పొద్దున్నే ఒకటే తంతు. నేను వంటింట్లో పోపు వేస్తుంటే ముందుగదిలో "టంగ్"మని ఒక తీగ మోగేది. ఆ వెంటనే ఫోన్‌లోంచి గంట కొట్టినట్టు చప్పుడు. అంటే జవాబు కరెక్టు అన్నమాట. తప్పయితే బస్సు హారన్ లాంటి ఇంకో మోత. ఒక్కోసారి నా మిక్సీ మోతను కూడా ఆ ఫోన్ స్వరమనుకుని తప్పు కొట్టేది. "అమ్మా, నీ మిక్సీ ఆపు, నా మార్కులు పోతున్నయి" అని మా బిడ్డ లొల్లి.

పదో తరగతి పరీక్షలయ్యాక వాళ్ళ మేనమామ హైదరాబాద్ నుంచి తన పాత గిటారు తెచ్చిచ్చాడు. మా నారాయణఖేడ్‌లో గిటారు నేర్పేవాళ్ళెవరూ మాకు దొరకలేదు. హైదరాబాద్ పోయి రావాలంటే రోజంతా బస్సుకే సరిపోతుంది. అందుకని ఫోనే పంతులైంది. ఒక యాప్ గిటారు మెడ బొమ్మ చూపించి, ఒకచోట ఎర్ర చుక్క పెట్టి, అక్కడ పలికే స్వరం పేరు అడుగుతుంది. ఇంకో యాప్ పేరు చెప్పి, ఆ చోటు వాయించి చూపించమంటుంది. నెల తిరిగేసరికి పాప నూటికి తొంభై దాకా మార్కులు తెచ్చుకుంది.

ఒకరోజు మా ఆడపడుచు వచ్చింది. "ఏదన్నా పాట వాయించు బిడ్డా, బతుకమ్మ పాటైనా సరే" అంది. పాప తీగల మీద వేళ్ళు పెట్టి అట్లనే కూర్చుంది. ఏ చుక్క పేరేంటో తెలుసు, పాటలో తరవాతి స్వరం ఎక్కడుందో తెలియదు. ఆ రాత్రి గిటారు బీరువా వెనక్కి పోయింది. "నాకు రాదమ్మా. మామకు వాపస్ ఇచ్చెయ్యి" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే సరిగ్గా ఆ వయసులో నేనూ వీణ మానేశాను. రెండేళ్ళు నేర్చుకున్నాను. సరళీ వరసలు, జంట వరసలు అయి, అలంకారాలు సగంలో ఉండగా నాన్నకు బదిలీ అయింది. కొత్త ఊళ్ళో వీణా లేదు, పంతులమ్మా లేదు. "రెండేళ్ళ ఫీజు దండగ" అన్నారు ఇంట్లో. నేనూ అదే అనుకున్నాను. మన తరంలో చాలామంది ఆడపిల్లలకు వీణ పెళ్ళిచూపుల దాకే కదా. తరవాత అది అటక మీదికి, మనం వంటింట్లోకి.

గిటారు గురించి నాకేం తెలియదు. కానీ పాప ఫోన్‌లోని ఆ బొమ్మ చూస్తే ఇది మనకు కొత్త విషయం కాదనిపించింది. నేను చదివింది బి.ఎ. తెలుగు. విజయనగర, తంజావూరు రాజుల కాలం మాకు పాఠం. ఆ పాత పుస్తకాలు మళ్ళీ తీశాను.

ముందు చిక్కు ఎక్కడుందో చెప్తాను. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలుంటాయి. ఇంగ్లీషులో ఫ్రెట్లు, మన వీణ భాషలో మెట్లు. ఒక్కో మెట్టుకు స్వరం ఒక స్థానం పెరుగుతుంది. పన్నెండో మెట్టుకు మళ్ళీ మొదటి స్వరమే పై స్థాయిలో వస్తుంది. ఆరు తీగలు, పన్నెండు మెట్లు, మొత్తం 72 చోట్లు. స్వరాల పేర్లు మాత్రం పన్నెండే. అంటే ఒక్కో పేరు ఆరు చోట్ల, ఒక్కో తీగ మీద ఒక్కోసారి వస్తుంది. హార్మోనియంలో ఒక స్వరానికి ఒకే మీట. ఇక్కడ అదే స్వరానికి రెండు మూడు ఇళ్ళు. నేర్చుకునేవాళ్ళు తికమకపడేది ఇక్కడే.

ఈ తికమకను 1550లోనే ఒకాయన కాగితం మీద పెట్టాడు. ఆయన రామామాత్యుడు. విజయనగరంలో అళియ రామరాయల కోరిక మీద సంస్కృతంలో "స్వరమేళకళానిధి" రాశాడు. అందులో ఐదు ప్రకరణాలుంటే ఒకటి పూర్తిగా వీణకే. నాలుగు తీగలు, వాటి కింద ఆరు మెట్లు తీసుకుని, ఏ తీగ మీద ఏ మెట్టుకు ఏ స్వరమో వరసగా చెప్పుకుంటూ పోయాడు. షడ్జం పలికే మొదటి తీగ మీద శుద్ధ రిషభంతో మొదలుపెట్టి శుద్ధ మధ్యమం దాటి పైదాకా. పంచమం పలికే రెండో తీగ మీద అవే మెట్లకు శుద్ధ ధైవతం, నిషాదాలు, ఐదో మెట్టుకు షడ్జం, ఆరో మెట్టుకు శుద్ధ రిషభం. పాప ఫోన్‌లో ఎర్ర చుక్కలతో ఉన్న పటమే, ఆయన మాటల్లో గీశాడు.

రెండో తీగ ఐదో మెట్టు మీద షడ్జం అన్నాను కదా, అది ఖాళీగా మీటిన మూడో తీగ స్వరమే. ఇది చదివి పాపకు చెప్తే లేచి కూర్చుంది. "గిటార్ శ్రుతి చేసేది గట్లనే అమ్మా! లావు తీగ ఐదో మెట్టు నొక్కితే పక్క తీగ స్వరం వస్తది" అంది. ఒక్క జత తీగల దగ్గర మాత్రం ఐదు బదులు నాలుగో మెట్టట. బీరువా వెనక ఉన్న గిటారు ఆ పూట బయటికి వచ్చింది, నిజమా కాదా చూడటానికి.

ఆ పుస్తకం వచ్చిన పదిహేనేళ్ళకు, 1565లో, తళ్ళికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. ఆయన మీదికి వెళ్ళిన సుల్తానుల్లో మాకు దగ్గరి బీదర్ సుల్తాను కూడా ఒకడు. రాజ్యం కుదేలైంది కానీ వీణ శాస్త్రం దక్షిణానికి, తంజావూరుకు నడిచింది. అక్కడ మన తెలుగు నాయక రాజులు. రఘునాథ నాయకుడు 1600 నుంచి 1634 దాకా పాలించాడు, తెలుగులో కావ్యాలు రాశాడు, స్వయంగా వైణికుడు.

రామామాత్యుడే వీణల్లో రెండు రకాలు చెప్పాడు. ఒకటి రాగాన్నిబట్టి మెట్లు జరుపుకునేది, రెండోది అన్ని రాగాలకూ సరిపోయేలా మెట్లు బిగించినది. రెండో పద్ధతి ఇరవైనాలుగు మెట్లతో స్థిరపడింది రఘునాథుడి కాలంలోనేనని సంప్రదాయం చెబుతుంది. దాన్నే రఘునాథ మేళ వీణ అన్నారు. ఇవాళ మనం చూసే వీణ అదే. ఆయన కొలువులో రామభద్రాంబ, మధురవాణి లాంటి కవయిత్రులున్నారు. మధురవాణి వీణలోనూ దిట్ట అని సాహిత్య చరిత్రల్లో చదువుకున్నాం. ఆవిడకు వీణ పెళ్ళిచూపుల కోసం కాదు.

రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి తరవాత "చతుర్దండి ప్రకాశిక"లో 72 మేళకర్తల లెక్క కట్టాడు. గిటారు మీది 72 చోట్లకూ దానికీ సంబంధం లేదు, అంకె కలిసిందంతే. అయినా పాపకు ఆ అంకె భలే నచ్చింది.

అంతకు ముందే ఇటలీలోనూ ఒకాయన మెట్లతో కుస్తీ పడ్డాడు. విన్సెంజో గెలీలీ అనే ల్యూట్ వాద్యకారుడు. ల్యూట్ అంటే గిటారుకు బంధువు లాంటి తీగ వాద్యం. ఈయన కొడుకే దుర్భిణితో ఆకాశం చూసిన గెలీలియో. 1581లో అచ్చయిన పుస్తకంలో ఆ తండ్రి మెట్లు పెట్టడానికి ఒక సులువు చెప్పాడు. తీగ పొడవులో 18వ వంతు దగ్గర మొదటి మెట్టు. మిగిలిన పొడవులో మళ్ళీ 18వ వంతు దగ్గర రెండోది. అలా పోతూ ఉండటమే.

నా బట్టలు కుట్టే టేపు తీసుకుని మేమూ కొలిచాం. మా గిటారు తీగ 65 సెంటీమీటర్లు. 18వ వంతు అంటే 3.6. మొదటి మెట్టు అక్కడే ఉంది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 32.5 దగ్గర. విన్సెంజో లెక్కతో పన్నెండు మెట్లు పోతే సగానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తక్కువ పడుతుంది. అందుకే ఇప్పుడు 18 బదులు 17.817తో భాగిస్తారు. మెట్లు పైకిపోయే కొద్దీ ఎందుకు దగ్గరవుతాయో పాపకు అప్పుడు అర్థమైంది. వీణకు ఈ టేపు పనికిరాదు. అక్కడ మైనం మీద మెట్లు నిలబెట్టి, చెవితో వింటూ సర్దుతారు. దాన్నే మేళం కట్టడం అంటారు.

ఇంత చదివాక నాకొక సంగతి తట్టింది. పటాలూ లెక్కలూ అందరూ రాసుకున్నారు. కానీ నేర్పేటప్పుడు చాలామంది పటంతో కాదు, నోటితో మొదలుపెట్టారు.

వెయ్యేళ్ళ కిందట ఇటలీలో గీదో అనే సన్యాసి గుడి పాటలు నేర్పడానికి ఉత్, రె, మి, ఫ అని స్వరాలకు నోటికి పట్టే పేర్లు పెట్టాడు. అరచేతిలో వేలి కణుపులకు ఒక్కో స్వరం పేరు పెట్టిన పటం ఆయన పేరు మీదే ప్రసిద్ధమైంది. మన అమ్మమ్మలు తిథులూ వారాలూ కణుపుల మీద లెక్కపెట్టినట్టే. ఇక్కడ మనకు పురందరదాసు. 1564లో కాలం చేసిన ఆ మహానుభావుడే సరళీ వరసలు, జంట వరసలు ఏర్పరచాడని మన సంగీతం వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. మాయామాళవగౌళలో, పేరు పాడుతూ, చేత్తో తాళం వేస్తూ. పేరు ముందు గొంతులో పడుతుంది, తరవాత వేలికి దారి తెలుస్తుంది.

దీనికి మన కళ్ళముందు జరిగిన రుజువు మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. అది పరాయి వాద్యం, దాని మీద కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ళెవరు? గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడమే రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ స్వరం మెట్ల మీద ఎక్కడుందో వెతుక్కుని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. వాద్యం రాని గురువు, యాప్ లేని శిష్యుడు. మధ్యలో ఉన్నది ఒక గొంతు.

"నాకు గిటార్ రాదు. పాడేది మాత్రం కొంచెం వస్తది. చూద్దామా?" అని పాపను అడిగాను.

పాత క్యాలెండర్ వెనక ముగ్గుకు పెట్టినట్టు ఆరు వరసల్లో పన్నెండేసి చుక్కలు పెట్టాను. రోజుకొక స్వరం. ఆ స్వరం ఉన్న ఆరు చోట్లా ఆరు కందిగింజలు పెట్టాలి. ప్రతి గింజకూ పేరు పాడాలి, తరవాతే గిటారు మీద వాయించాలి. పాడకుండా పెడితే గింజ వెనక్కి తీసేస్తాను.

తరవాత నా రెండేళ్ళ దండగ చదువు బయటికి తీశాను. వీణ మీద సరళీ వరస వేళ్ళకు ఇంకా గుర్తుంది. ఖాళీ తీగ స, ఒకటో మెట్టు రి, నాలుగు గ, ఐదు మ, ఏడు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు పై స. గిటారు మీద ఏ తీగ తీసుకున్నా ఇదే లెక్క సరిపోయింది! జంటలు జంటలుగా కూర్చున్న ఆ మెట్లు చూసి "మస్తు ఈజీ ఉందమ్మా" అంది. సన్న తీగ మీద మొదలుపెట్టి ఒక్కో తీగా మార్చుకుంటూ పోయింది. పాడుతూ వాయించమన్నాను. మొదట సిగ్గుపడింది. మూడో రోజుకు నాకంటే గట్టిగా పాడుతోంది.

యాప్ మానెయ్యమని నేను చెప్పలేదు. పొద్దున పది నిమిషాలు అదీ ఉంది. తప్పొప్పులు చెప్పడానికి అది ఓపికైన తోడు, విసుక్కోదు. శ్రుతి చూసుకోవడానికీ అదే దిక్కు. కాకపోతే అది పేరు అడుగుతుంది, మనతో పాడించదు. ఆ పని ఇంట్లో ఎవరో ఒకరు చెయ్యాలి.

సెలవులు అయిపోయే ముందు ఒక సాయంత్రం నేను గిన్నెలు తోముతూ బతుకమ్మ పాట కూనిరాగం తీస్తున్నాను. ముందుగదిలోంచి అదే వరస, ఒక్క తీగ మీద, నెమ్మదిగా వచ్చింది. ఒకచోట తప్పింది. ఆగింది. తనే పాడుకుంది, ఒక మెట్టు వెనక్కి జరిగింది, సరైంది. ఫోన్ గంట కొట్టలేదు, అది ఛార్జింగ్‌లో ఉంది.

వాళ్ళ మామ ఫోన్ చేసి గిటారు ఏమైందని అడిగితే "వాపస్ ఇవ్వను" అని చెప్పేసింది. మధ్యాహ్నం తను పడుకున్నాక నేనూ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళ కింద ఆపిన అలంకారం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మీ ఇంటి అటక మీద కూడా వీణో హార్మోనియమో ఉంటే, ఈ ఆదివారం ఒకసారి దించి దుమ్ము తుడవండి. వేళ్ళకు ఎంత గుర్తుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.