ఎండోమెట్రియోసిస్: రోగనిర్ధారణ చరిత్ర

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరిగే దీర్ఘకాలిక వ్యాధి ఎండోమెట్రియోసిస్. అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు, పొత్తికడుపు లోపలి పొర, కొందరిలో పేగులు, మూత్రాశయం దీని స్థానాలు. భరించలేని ముట్టునొప్పి, కలయికలో నొప్పి, నెలసరి రోజుల్లో మలవిసర్జనకు ఇబ్బంది, నీరసం, సంతానలేమి ముఖ్య లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, బిడ్డలను కనే వయసులో ఉన్న స్త్రీలు, బాలికల్లో సుమారు 10 శాతానికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది.

తొలి పరిశీలనలు

గర్భాశయ గ్రంథులు తమది కాని చోట కనిపించడాన్ని 1860లో వియన్నా వైద్యుడు కార్ల్ వాన్ రోకిటాన్‌స్కీ వర్ణించాడు. వ్యాధికి నేటి రూపురేఖలు ఇచ్చినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ శాంప్సన్. పాతబడిన రక్తం చిక్కటి చాక్లెట్ పాకంలా నిండిన అండాశయ తిత్తుల గురించి 1921లో రాశాడు. 'చాక్లెట్ సిస్ట్' అనే మాట స్కానింగ్ రిపోర్టు చదివి చెప్పే డాక్టర్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. నెలసరి రక్తంలో కొంత ఫాలోపియన్ నాళాల గుండా వెనక్కి పారి, అందులోని కణాలు పొత్తికడుపులో నాటుకుంటాయని శాంప్సన్ 1927లో ప్రతిపాదించాడు. అయితే రక్తం అలా వెనక్కి పారడం చాలామంది స్త్రీలలో ఉన్నదే. వారిలో కొందరికే వ్యాధి ఎందుకు వస్తుందో ఈ సిద్ధాంతం ఒక్కటే చెప్పలేకపోయింది.

లాపరోస్కోపీ

1940లలో పారిస్‌లో రౌల్ పామర్ స్త్రీల వ్యాధులకు లాపరోస్కోపీని వాడుకలోకి తెచ్చాడు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం గుండా లోపలి మచ్చలను కంటితో చూసి, ముక్క తీసి పరీక్షించడమే క్రమంగా రూఢి నిర్ధారణ అయింది. మచ్చల విస్తృతిని బట్టి నాలుగు దశలూ ఏర్పరిచారు. అయితే దశకూ నొప్పికీ పొంతన లేదు. మొదటి దశలోనే మంచం పట్టేవారున్నారు, నాలుగో దశలోనూ నొప్పి ఎరుగనివారున్నారు.

ఆలస్యం

ఆపరేషన్ చేస్తేగాని రుజువు కాని వ్యాధి కావడంతో నిర్ధారణకు ఏళ్లు పట్టేది. 4 నుంచి 10 ఏళ్ల జాప్యం జరుగుతోందని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2017లో గుర్తించింది. జాప్యానికి ఇంటి మాట కూడా కారణమే. నెలనెలా బడి మానేసి ముడుచుకు పడుకునే పిల్లతో "ఆడపిల్లన్నాక తప్పదు, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనడం తెలుగిళ్లలో మామూలు. ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నాలూ జరిగాయి. అమెరికాలోని మిల్వాకీలో 1980లో రోగులే తమ సంఘం పెట్టుకున్నారు. 2018లో ఆస్ట్రేలియా ఈ వ్యాధికి జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

నేటి పద్ధతి

యూరప్ పునరుత్పత్తి వైద్యుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో లాపరోస్కోపీకి ఉన్న రూఢి నిర్ధారణ స్థానాన్ని తీసేసింది. లక్షణాలు, అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై ఆధారంగా హార్మోన్ మందులు మొదలుపెట్టవచ్చు. స్కానింగ్ మామూలుగా వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని కాదు. పూర్తిగా నయం చేసే మందు లేదు. నొప్పి మాత్రలు, హార్మోన్లు, అవసరమైతే శస్త్రచికిత్సతో అదుపులో పెడతారు. శస్త్రచికిత్స తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. అందుకే నొప్పి వచ్చిన తేదీలు, వేసుకున్న మాత్రలు, మానేసిన బడిరోజులు రాసిపెట్టుకున్న నోటుపుస్తకం డాక్టరుకు స్కానింగ్ కాగితమంత అక్కరకొస్తుంది.