గరుత్మంతుని పచ్చ



మన రాజోలి తుంగభద్రా తీరమున ఉన్నది. ఈ నదికే ఎగువన హంపి. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి అంగడి వీధిలో కెంపులు, వజ్రములు, ముత్యములతోపాటు పచ్చలను కూడ అమ్ముచుండిరని వ్రాసినాడు. అంతకు ముందే, 1513లో, శ్రీకృష్ణదేవరాయలు తిరుమలేశునకు నవరత్నకిరీటము సమర్పించినట్లు శాసనములు చెప్పుచున్నవి. నవరత్నములలో మరకతము ఒకటి గదా! ఆ పచ్చ ఎక్కడిది?

నేటి పెద్ద పచ్చలకు పుట్టినిల్లని పేరుపొందిన కొలంబియా గనులు స్పెయిను వారి చేతికి చిక్కినది 1530లలోను, ఆ తరువాతను. రాజస్థానపు గనులు బయల్పడినది 1940లలో. కనుక రాయల పచ్చ ఆ రెండింటిదియు కాజాలదు. ప్రాచీనకాలమున ప్రసిద్ధములైన పచ్చగనులు ఈజిప్టు ఎడారికొండలలోనివి. మన కృష్ణాతీరమున వజ్రములు దొరకినవి గాని పచ్చ మాత్రము దూరదేశపు సరకే. గ్రీకుల ‘స్మరగ్దస్’ మన మరకత శబ్దమునకు బంధువగుట ఇందువలననే అని మా అభిప్రాయము.

పురాణమున దీని పుట్టుక వేరు. బలాసురుని పిత్తమును వాసుకి కొనిపోవుచుండగా గరుత్మంతుడు అడ్డగించెను. అప్పుడు జారిపడినదే పచ్చ అని గరుడపురాణము. గారుత్మతమను పేరు అందువలన వచ్చినది, విషహరమన్న ప్రసిద్ధియు అందుండియే. వరాహమిహిరుడు చిలుకను, వెదురాకును, అరటిని, దిరిసెనపువ్వును పోలిక చెప్పి, దేవపితృకార్యములకు ఇది శుభమన్నాడు. నేతపని యెరిగిన ఈ ఊరివారికి ఆకుపచ్చలోని భేదములు మేము చెప్పనక్కరలేదు.

పచ్చ బుధునకు ప్రీతికరము. అయినను ఉంగరము తొడిగినంతనే విద్య వచ్చునని అప్పుచేసి కొనువారిని చూచి జాలిపడుదుము. మా పాఠశాలలో పచ్చ ధరించినవాడు ఒక్కడును లేడు, పన్నములు మాత్రము అందరికిని వచ్చినవి.

ఇక అర్చకులును ధర్మకర్తలును వినవలసిన మాట. పచ్చ గట్టిరాయియే గాని లోపల సన్నని పగుళ్లు లేనిది బహు అరుదు. వర్తకులు ఆ పగుళ్లలో దేవదారు జాతి నూనెను ఎక్కించుట వాడుక. వేడినీరు, ఆవిరి, మందుసబ్బులు, శబ్దతరంగములతో కడుగు యంత్రములు ఆ నూనెను లాగివేయును. అప్పుడు రాయి వెలవెలబోయి చారలు తేలును. చూచినవారు “స్వామివారి రాయి మార్చినారు” అందురు. నిర్దోషియైన అర్చకునిపై నింద పడును.

కావున అభిషేకమునకు ముందే పచ్చల నగలు తీయవలెను. చింతపండుతో తోమరాదు. గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. వజ్రపునగలతో ఒకే పెట్టెలో పెట్టరాదు, గీతలు పడును. నగల పట్టీలో తూకముతోపాటు రాతిలోని చారలను కూడ ఎరిగినవారిచేత వ్రాయించి, ఛాయాచిత్రము తీయించి, నలుగురి సంతకములతో భద్రపరచవలెను. ఏ రెండు పచ్చలకును లోపలి చారలు ఒకే తీరున ఉండవు. రేపు ఎవరైన సందేహించిన, రాతి పక్షమున సాక్ష్యము చెప్పునవి ఆ చారలే.