అందుబాటు ధరలో ఎలక్ట్రిక్ గిటార్: ఫుల్లర్టన్ నుంచి బేగంపేట దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్ నిర్మాణానికీ, దాని ధరకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• చవక రకాల తయారీ అమెరికా నుంచి జపాన్‌కూ, అక్కడి నుంచి ఇతర ఆసియా దేశాలకూ ఎందుకు మారిందో చెప్పగలుగుతారు.
• భారతదేశ దిగుమతి విధానం ఒక సాధారణ వస్తువు అందుబాటును ఎలా నిర్ణయించిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

ఒక వస్తువు చరిత్రను చదవడమంటే దాన్ని ఎవరు కనిపెట్టారో తెలుసుకోవడం మాత్రమే కాదు. అది ఎవరి చేతికి అందింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అన్నవి కూడా చరిత్ర విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్నలే.

భుజాన గిటార్ సంచి వేసుకుని బేగంపేట మెట్రో స్టేషన్ మెట్లు దిగే విద్యార్థి ఈ రోజుల్లో ఎవరికీ వింతగా కనిపించడు. ఆ సంచిలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటార్ అయితే, దాని ఆకారం బహుశా 1950ల నాటి రెండు మూడు అమెరికన్ నమూనాల్లో ఒకదాన్ని పోలి ఉంటుంది. దాని మీద మాత్రం ఇండోనేషియాలోనో చైనాలోనో తయారైనట్టు రాసి ఉండవచ్చు. 1980లలో ఇదే ప్రాంతంలో ఉన్న విద్యార్థికి అలాంటి గిటార్ కొనుక్కోవడం చాలా కష్టం. ఈ మార్పుకు కారణం సంగీతాభిరుచి ఒక్కటే కాదు. కర్మాగారాలు, కరెన్సీ విలువలు, కస్టమ్స్ సుంకాలు కూడా కారణమే.

2. నమూనాలోనే ఉన్న పొదుపు

మామూలు గిటార్‌కు లోపల బోలుగా ఉండే పెట్టె ఉంటుంది. తీగల కంపనాన్ని ఆ పెట్టె పెద్దది చేసి వినిపిస్తుంది. సాలిడ్ బాడీ గిటార్‌కు ఆ పెట్టె అక్కర్లేదు. తీగల కింద అమర్చిన పికప్ అనే అయస్కాంతపు చుట్ట, లోహపు తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. యాంప్లిఫయర్ ఆ సంకేతాన్ని పెంచి స్పీకర్‌కు పంపుతుంది. కాబట్టి బాడీ గట్టి చెక్క పలక అయినా సరిపోతుంది.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ ఈ అవకాశాన్ని బాగా వాడుకున్నాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. తయారీ, మరమ్మతు సులభంగా ఉండాలన్నది ఆయన దృష్టి. 1950లో మార్కెట్లోకి వచ్చి 1951లో టెలికాస్టర్ అనే పేరు పొందిన గిటార్‌లో నెక్‌ను బాడీకి జిగురుతో అతికించలేదు, నాలుగు స్క్రూలతో బిగించారు. నెక్ పాడైతే దాన్ని విప్పి మరొకటి పెట్టుకోవచ్చు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. విడిభాగాలను వేరువేరుగా, పెద్ద సంఖ్యలో తయారుచేసి చివర కలిపే ఈ విధానం వాద్య నిర్మాణాన్ని చేతిపని నుంచి కర్మాగారపు పనిగా మార్చింది.

అయినా అది పేదవాడి వాద్యం కాలేదు. 1954లో ట్రెమొలో అమరిక ఉన్న స్ట్రాటోకాస్టర్ ధర 249.50 డాలర్లు. తక్కువ ధర రకాలు కూడా అమెరికాలోనే మొదలయ్యాయి. గిబ్సన్ సంస్థ 1952లో లెస్ పాల్ గిటార్‌ను విడుదల చేసి, 1954లో అలంకరణలు తగ్గించి, ఒకే పికప్‌తో లెస్ పాల్ జూనియర్‌ను 99.50 డాలర్లకు అమ్మింది. ఫెండర్ 1956లో విద్యార్థుల కోసం మ్యూజిక్‌మాస్టర్, డుయో-సోనిక్ అనే చిన్న గిటార్లు తెచ్చింది. అంటే చవక రకం ఆలోచన బయటివాళ్లు చేసిన అనుకరణతో పుట్టలేదు. అసలు తయారీదారులే దాన్ని మొదలుపెట్టారు.

3. జపాన్ ఇచ్చిన పోటీ

1965 జనవరిలో లియో ఫెండర్ తన సంస్థను సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఆ తరవాతి కాలంలో నాణ్యత తగ్గిందన్న అభిప్రాయం వాయిద్యకారుల్లో బలపడింది. ఇదే సమయంలో జపాన్‌లో ఐబనేజ్, గ్రెకో, టోకాయ్ వంటి పేర్లతో అమెరికన్ నమూనాలను పోలిన గిటార్లు తయారయ్యాయి. 1970ల చివరికి వీటి నాణ్యత బాగా పెరిగింది, ధర మాత్రం తక్కువగానే ఉంది.

దీనికి అమెరికన్ సంస్థలు రెండు రకాలుగా స్పందించాయి. ఒకటి న్యాయస్థానం. గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ 1977లో ఐబనేజ్ గిటార్లను అమెరికాలో పంపిణీ చేసే ఎల్గర్ సంస్థపై దావా వేసింది. గిటార్ తల భాగపు ఆకారమే వివాదం. 1978లో రాజీ కుదిరింది. రెండోది పోటీదారుల పద్ధతినే అనుసరించడం. ఫెండర్ 1982లో జపాన్ సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను స్థాపించి, తన నమూనాలను అక్కడ తయారుచేయించింది. వాటిలో తక్కువ ధర గిటార్లకు స్క్వైర్ అని పేరు పెట్టింది. ఫెండర్ 1965లో కొన్న వి.సి. స్క్వైర్ అనే తీగల తయారీ సంస్థ పేరు అది. గిబ్సన్ కూడా అంతకుముందే తన అధీనంలోని ఎపిఫోన్ పేరును తక్కువ ధర గిటార్లకు వాడి, 1970 ప్రాంతంలో వాటి తయారీని జపాన్‌కు మార్చింది.

ఈ చవక రకాల్లో పొదుపు ఎక్కడ వస్తుందో గమనించండి. ఆకారం మారదు. చెక్క రకం, పికప్‌లోని అయస్కాంతం, తీగలు బిగించే మరల నాణ్యత, చేతిపనికి పట్టే సమయం మారతాయి.

4. కరెన్సీ విలువ, కర్మాగారాల వలస

1985 సెప్టెంబర్‌లో ఐదు పెద్ద ఆర్థిక శక్తులు ప్లాజా ఒప్పందం చేసుకున్నాయి. డాలర్ విలువను తగ్గించడం దాని ఉద్దేశం. అప్పుడు డాలర్‌కు సుమారు 240 యెన్లు వచ్చేవి. 1988లో సగటున సుమారు 128 యెన్లే వచ్చాయి. ఫలితంగా జపాన్ వస్తువులు డాలర్లలో ఖరీదైపోయాయి. స్క్వైర్ తయారీ 1980ల చివర కొరియాకూ, ఆ తరవాత చైనా, ఇండోనేషియాలకూ తరలింది. ఆ మధ్యకాలంలో స్క్వైర్ 2 పేరుతో కొన్ని గిటార్లు భారతదేశంలోనూ తయారై విదేశీ మార్కెట్లలో అమ్ముడుపోయాయి. ఇక్కడి కార్మికుడు ఆ గిటార్‌ను చేయగలిగాడు. మరి ఇక్కడి విద్యార్థి దాన్ని కొనగలిగాడా?

5. బేగంపేట నుంచి చూస్తే

సికింద్రాబాద్‌కు పాశ్చాత్య వాద్యాలు కొత్త కావు. 1806లో ఏర్పడిన ఈ కంటోన్మెంట్ పట్టణంలో సైనిక బ్యాండ్లు, చర్చి సంగీతం ఎలక్ట్రిక్ గిటార్ పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. అయితే స్వాతంత్ర్యానంతర విధానంలో విదేశీ మారకద్రవ్యం పొదుపు ప్రధానం. వినియోగ వస్తువుల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉండేవి, సుంకాలు ఎక్కువ. అందువల్ల చాలామందికి అందింది దేశీయ గిటారే. కలకత్తాలో తయారైన గివ్సన్ ఇందుకు ఉదాహరణ. ఆ పేరు గిబ్సన్‌ను గుర్తుచేస్తుంది.

విదేశీ గిటార్ కావాలంటే మిగిలిన దారి ప్రయాణికుల సామాను. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం పనిచేయడం మొదలయ్యేదాకా హైదరాబాద్ ప్రయాణికుల విమానాశ్రయం బేగంపేటే. అంటే గిటార్ ఆశించిన విద్యార్థికి విదేశంలో బంధువులు ఉండాలి, లేదా ఇంట్లో డబ్బు ఉండాలి. ప్రతిభ ఎలా ఉన్నా అవకాశం కొన్ని కుటుంబాలకే పరిమితమైంది.

ఈ పరిస్థితిని సుంకాల లెక్క స్పష్టం చేస్తుంది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1991 జూలైలో గరిష్ఠ కస్టమ్స్ సుంకాన్ని 150 శాతానికి తగ్గించింది. తగ్గించాక కూడా, ఆ రేటు పడిన 100 రూపాయల వస్తువు ఇతర పన్నులు కలపకుండానే 250 రూపాయలవుతుంది. వ్యవసాయేతర వస్తువులపై ఈ గరిష్ఠ రేటు 1995 నాటికి 50 శాతానికి, 2007 నాటికి 10 శాతానికి దిగింది. అప్పుడు అదే వస్తువు 110 రూపాయలు. దిగుమతులపై మిగిలిన పరిమాణాత్మక ఆంక్షలను 2001 ఏప్రిల్ 1న ఎత్తివేశారు. చవక గిటార్‌ను తయారుచేసింది జపాన్, కొరియా కర్మాగారాలు. అది ఇక్కడి విద్యార్థికి నిజంగా చవక కావడానికి ఢిల్లీలో విధానం మారవలసి వచ్చింది.

6. అసలు, నకిలీ, చవక రకం

ఈ మూడింటినీ విద్యార్థులు విడదీసి చూడాలి. స్క్వైర్, ఎపిఫోన్ గిటార్లు అసలు సంస్థల అనుమతితో వచ్చిన చవక రకాలు. వేరే సంస్థ తన సొంత పేరుతో అదే ఆకారంలో చేస్తే అది అనుకరణ. ఇతరుల పేరు, గుర్తు వేసి మోసగించేదే నకిలీ. స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ బాడీ ఆకారాలను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయాలని ఫెండర్ కోరగా, పలువురు తయారీదారులు అభ్యంతరం తెలిపారు. 2009 మార్చిలో అమెరికా ట్రేడ్‌మార్క్ అప్పీళ్ల బోర్డు ఆ కోరికను తిరస్కరించింది. దశాబ్దాలుగా ఎందరో వాడుతున్న ఆకారాన్ని జనం ఒకే సంస్థ గుర్తుగా చూడరన్నది ఆ నిర్ణయ సారం.

7. సారాంశం

సాలిడ్ బాడీ గిటార్ విడిభాగాలుగా తయారుచేయడానికి వీలైన నమూనా. అందుకే దాని తయారీ ఒక దేశం నుంచి మరో దేశానికి సులభంగా తరలింది. తక్కువ ధరకు తయారవడం వేరు, తక్కువ ధరకు అందడం వేరు. ఈ రెండింటి మధ్య మారకపు రేటు, సుంకం, దిగుమతి నిబంధనలు నిలుస్తాయి. మీ ఇంట్లో ఉన్న కెమెరా, చేతి గడియారం, రేడియో వంటి ఏ వస్తువునైనా ఇదే విధంగా పరిశీలించవచ్చు. అది ఏ సంవత్సరంలో, ఎవరి ద్వారా, ఎంత ధరకు మీ ఇంటికి వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. అదే మీ మొదటి చారిత్రక ఆధారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. స్క్రూలతో బిగించే నెక్ వల్ల గిటార్ తయారీలో వచ్చిన మార్పు ఏమిటి?
2. ప్లాజా ఒప్పందం తరవాత స్క్వైర్ తయారీ జపాన్ నుంచి ఎందుకు తరలింది?
3. 1991 నుంచి 2007 వరకు సుంకాల్లో వచ్చిన మార్పు ఒక వస్తువు ధరపై చూపే ప్రభావాన్ని ఉదాహరణతో వివరించండి.