దుస్తుల తయారీలో ఇంటి పని: ప్రభుత్వ నియంత్రణ (సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతం)

దుస్తుల పరిశ్రమలో ఇంటి పని అంటే వ్యాపారో, ఫ్యాక్టరీయో కత్తిరించి ఇచ్చిన గుడ్డను కార్మికులు ఇంటికి తెచ్చుకుని, కుట్టి, పీసుకింత అని కూలీ తీసుకుని తిరిగి అప్పజెప్పడం. నైటీలు, లంగాలు, స్కూలు యూనిఫాంలు మిషన్ మీద కుట్టడం ఇందులో ఒక రకం. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, చీరలకు ఫాల్, పీకో, మగ్గం వర్క్ మరో రకం. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఈ పనికంటూ దేశంలో ప్రత్యేక చట్టం లేదు. వేరే పనుల కోసం చేసిన చట్టాల్లోంచి వచ్చిన రక్షణే దీనికి దిక్కు.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు మందులకు, రసాయనాలకు, ఇంజనీరింగ్ పరిశ్రమలకు పేరు పడ్డాయి. పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉంది. 2016 అక్టోబర్ 11న పాత మెదక్ నుంచి విడివడిన సంగారెడ్డి జిల్లాలో ఫ్యాక్టరీల తనిఖీ అంటే బాయిలర్లు, రియాక్టర్లే గుర్తొస్తాయి. ఇంట్లోని కుట్టు మిషన్ ఆ తనిఖీ దాకా వెళ్ళదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది, కరెంటు లేని చోట ఇరవై మంది ఉంటేనే వర్తించేది. అంతకన్నా చిన్న పని చోట్లను కూడా చట్టం కిందికి తెచ్చే అధికారాన్ని 85వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది. అయితే యజమాని కుటుంబ సభ్యుల సాయంతోనే నడుపుకునే చోటును ఆ సెక్షనే మినహాయించింది.

ఇంటి పనిని సూటిగా పట్టించుకున్నది కనీస వేతనాల చట్టం, 1948. ఇతరులు ఇచ్చిన సరుకును తన ఇంట్లో కుట్టి, అలంకరించి, బాగుచేసి ఇచ్చే ‘అవుట్ వర్కర్’ కూడా ఉద్యోగే అని దాని నిర్వచనం చెప్పింది. పని ఎవరికి ఇచ్చారు, ఎంత చెల్లించారు అన్న వివరాలు అడిగే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చింది. పీసు రేటు మీద పనిచేసినా రోజు కూలీ కనీస వేతనానికి తగ్గకూడదన్నది సూత్రం. ఉదాహరణకు రోజు కనీస వేతనం 480 రూపాయలనుకుని, ఎనిమిది గంటల్లో ఒక మనిషి 24 నైటీలు కుట్టగలదనుకుంటే, పీసుకు 20 రూపాయలు రావాలి. చిక్కంతా ఆ 24 అనే అంకె దగ్గరే ఉంది. అది ఎవరు లెక్కగట్టారు? వంట మధ్యలో లేచి, పిల్లలు బడి నుంచి వచ్చాక మళ్ళీ కూర్చున్న గంటలకు హాజరు పట్టీ ఉండదు. దారం, సూదులు, మిషన్ ఆయిల్, కరెంటు బిల్లు, మూట తేవడానికి ఆటో ఖర్చు కుట్టేవాళ్ళ నెత్తినే పడతాయి. పైగా పని తెచ్చిచ్చే మేస్త్రి తప్ప అసలు సేటు ఎవరో కుట్టేవాళ్ళకు తెలియకపోతే, ఇన్‌స్పెక్టర్ అడిగినా చెప్పగలిగేది మేస్త్రి పేరే.

యజమాని ఎవరన్న ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన జవాబు తెలంగాణ దర్జీల కేసులోనే వచ్చింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి అక్కడికి చేరింది. పీసుకింత అని తీసుకునేవాళ్ళు, రాకపోకలకు కచ్చితమైన వేళలు లేనివాళ్ళు, కొన్నిసార్లు గుడ్డను ఇంటికి తీసుకెళ్ళి కుట్టేవాళ్ళు ఉద్యోగులవుతారా అన్నది వివాదం. కుట్టు బాగాలేదని తిప్పి పంపి మళ్ళీ కుట్టించే హక్కు యజమానికి ఉందంటే ఆ పని మీద అతనికి అదుపు ఉన్నట్టేనని, కాబట్టి వాళ్ళు ఉద్యోగులేనని 1973లో కోర్టు తేల్చింది. పీసు వెనక్కి రావడం ఇళ్ళలో కుట్టేవాళ్ళకు రోజూ ఉండే బాధే. చట్టానికి అదే సాక్ష్యంగా అక్కరకొచ్చింది.

ఇంటి పనిని చట్టం నిజంగా అదుపు చేయగలదా అంటే పాత మెదక్‌లోనే, సిద్దిపేట, దుబ్బాక వైపు, బీడీల పనిలో నమూనా ఉంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా గుర్తించి, యజమానులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంట్లో చుట్టేవాళ్ళకూ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛను కూడా ఇచ్చింది. కుట్టు పనికి ఇలాంటి ఏర్పాటు ఏదీ రాలేదు. అసంఘటిత రంగ మహిళలపై ఇలా భట్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 1988లో ఇచ్చిన ‘శ్రమశక్తి’ నివేదిక ఇంటి పనివాళ్ళ స్థితిని వివరంగా ముందుపెట్టినా పరిస్థితి మారలేదు. ఇంటి పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన 177వ ఒడంబడికను భారత్ ధ్రువీకరించలేదు. బయటి దేశాల్లో చూస్తే, బ్రిటన్ 1909లోనే రెడీమేడ్ దర్జీ పనికి వేతన బోర్డు పెట్టింది. అమెరికా 1940ల్లో ఆడవాళ్ళ దుస్తుల ఇంటి పనికి అడ్డుకట్ట వేసింది.

‘గృహ ఆధారిత కార్మికులు’ అన్న నిర్వచనం 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలో వచ్చి, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరింది. మిషన్, దారం ఎవరివైనా సరే, వేరొకరి కోసం తన ఇంట్లో పనిచేస్తే ఈ నిర్వచనం సరిపోతుంది. 2021 ఆగస్టు నుంచి ఈ-శ్రమ్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఈ కోడ్‌తో సహా నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన సంఖ్య కరెంటుతో ఇరవైకి, లేకుండా నలభైకి పెరిగింది. వేతనాల కోడ్ పీసు రేటుకూ కనీసం ఉండాలంటుంది గానీ, పాత చట్టంలోలా ‘అవుట్ వర్కర్’ను పేరుపెట్టి చెప్పదు. మరోవైపు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకు పనిముట్ల కోసం 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. అక్కడ దర్జీ కార్మికురాలు కాదు, స్వయం ఉపాధి పొందే మనిషి.

రాష్ట్ర ప్రభుత్వం తానే పని ఇచ్చే చోట ఈ తేడా మరీ స్పష్టం. 2024లో సర్కారు బడుల యూనిఫాంల కుట్టును సంగారెడ్డితో సహా అన్ని జిల్లాల్లో మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించి, కుట్టుకూలీని 50 రూపాయల నుంచి 75కి పెంచారు. ఒక్క ఉత్తర్వుతో రాష్ట్రమంతటా పీసు రేటు ఖరారైంది. కార్మిక శాఖ ఇళ్ళలోని కుట్టు పనికి చేయలేనిది అలా జరిగింది. కానీ ఇది పని కాంట్రాక్టుకు కట్టిన ధర, వేతనం కాదు. సంఘాన్ని ఉద్యోగిగా చూడరు కాబట్టి ఆ ధర కనీస వేతనానికి సరిపోతుందా లేదా అని లెక్క తీయాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు.