పాలతో వచ్చిన చావు

1818 సెప్టెంబరు. ఇండియానా దక్షిణ భాగంలో, లిటిల్ పిజియన్ వాగు ప్రాంతపు అడవిలో మీరున్నారు. ఇండియానా రాష్ట్రమై ఇంకా రెండేళ్ళు నిండలేదు. గొడ్డలి పట్టి చెట్లు కొడితే తప్ప ఆకాశం కనబడని చోటు ఇది. కొట్టినంత మేరే పొలం, ఆ పక్కన దుంగల ఇల్లు, ఆపైన మళ్ళీ అడవి.

ఆవులు అడవిలోనే మేస్తాయి. ఎండాకాలం వెళ్ళిపోయే ఈ రోజుల్లో బయట పచ్చిక తగ్గిపోయి, మేత కోసం చెట్ల నీడలోకి ఇంకా లోపలికి పోతాయి. వాటి వెనకే వెళ్ళి చూడండి. నడుమెత్తు మొక్కలు, రంపపు పళ్ళ అంచుల ఆకులు, కొసన తెల్లటి చిన్నచిన్న పూలగుత్తులు. వైట్ స్నేక్‌రూట్ అంటారు దాన్ని. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మేసిన పశువుకు కాళ్ళు వణుకుతాయి, కూలబడుతుంది. పాలిచ్చే ఆవుకు మాత్రం ఒక్కోసారి ఏమీ కానట్టే ఉంటుంది. దాని ఒంట్లోని విషం పాలలోకి దిగి, ఆ పాలు తాగినవాళ్ళ కడుపులోకి చేరుతుంది.

జనం దీన్ని పాల జబ్బు అంటున్నారు. పాలకూ చావుకూ లంకె ఉందని తెలిసిపోయింది. ఏ మొక్క వల్లో తెలియదు.

ఇప్పుడు స్పారోల ఇంటికి రండి. లోపల థామస్ స్పారో, ఎలిజబెత్ స్పారో ఇద్దరూ మంచం పట్టారు. వాంతులు, తీరని దాహం, కదల్లేనంత నీరసం, ఊపిరిలో ఏదో వింత వాసన. వాళ్ళ పక్కన కూర్చున్నది నాన్సీ లింకన్. ఎలిజబెత్ ఆమెకు తల్లి వైపు దగ్గరి బంధువు, చిన్నప్పుడు పెంచిన మనిషి. కెంటకీ నుంచి లింకన్లు 1816 చలికాలంలో ఇక్కడికొస్తే, మరుసటి ఏడే స్పారోలూ వాళ్ళ వెనకే వచ్చారు. కొత్త నేలమీద నాన్సీకి పుట్టింటివాళ్ళంటే వీళ్ళే. పిలిస్తే పలికే దూరంలో డాక్టరు లేడు. నీళ్ళు పట్టించడం, ఒళ్ళు తుడవడం, రాత్రంతా మేలుకోవడం, చేయగలిగింది అంతే. అదే ఆమె చేస్తోంది.

దంపతులిద్దరూ పోయారు. పొరుగున పీటర్ బ్రూనర్ భార్య కూడా అదే జబ్బుతో పోయింది. నాన్సీ ఆమెకూ సాయం చేసిందంటారు. ఆ తర్వాత నాన్సీ పడిపోయింది.

లింకన్ల ఇంటి బయట రంపం చప్పుడు వినండి. నాన్సీ భర్త థామస్ లింకన్ వడ్రంగి. అడవి నిండా మానులే, ఎండిన పలకలు మాత్రం లేవు. దుంగను కోసి, చిత్రిక పట్టి శవపేటిక చేయాలి. ఈ కొద్ది వారాల్లోనే ఆ పని అతని చేతికి మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఇనుప మేకుల బదులు కొయ్య చీలలు. వాటిని చెక్కిపెట్టింది తొమ్మిదేళ్ళ కొడుకు అబ్రహాం అని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. తల్లి పెట్టెకు చీలలు చెక్కే పిల్లవాణ్ణి తలచుకుంటే నాకు ఈనాటికీ గుండె పట్టేస్తుంది. అక్క సారాకు పదకొండేళ్ళు. ఇక ఇల్లు ఆ పిల్ల చూసుకోవాలి.

అక్టోబరు 5న నాన్సీ కన్నుమూసింది. ముప్ఫై నాలుగేళ్ళు.

ఇంటికి దక్షిణాన పావుమైలు దూరంలో చిన్న గుట్ట. స్పారోలను పెట్టింది అక్కడే. పెట్టె పట్టుకుని ఇంటివాళ్ళు గుట్టెక్కుతున్నారు, మీరూ నడవండి. కాళ్ళకింద రాలిన ఆకులు. ప్రార్థన చదవడానికి బోధకుడు లేడు. నెలలు గడిచాక ఆ దారిన వచ్చిన ఒకాయన సమాధి దగ్గర ప్రార్థన చేశాడని ఇంటివాళ్ళ మాట. శ్మశానమని ఎవరూ హద్దులు గీసి కట్టలేదు. ఒక జబ్బు వచ్చి, ఒకరి తర్వాత ఒకరిని ఆ గుట్టకు చేర్చింది. తర్వాతి ఏళ్ళలో ఇంకొందరు వలస రైతులూ ఇక్కడికే వచ్చారు.

1830లో లింకన్లు బళ్ళు కట్టుకుని ఇల్లినాయికి వెళ్ళిపోయారు. గుట్టమీద పొదలు పెరిగాయి. కొడుకు దేశాధ్యక్షుడయ్యాడు, 1865లో హతుడయ్యాడు. అప్పటికీ తల్లి సమాధి మీద పేరు తెలిపే సరైన రాయి నిలవలేదు. చివరికి 1879లో, గుర్రబ్బళ్ళు తయారుచేసే స్టూడెబేకర్ సోదరుల్లో ఒకరైన పీటర్ స్టూడెబేకర్ ఇప్పుడున్న రాయి పెట్టించాడు. దానిమీద తన పేరు వేసుకోలేదు, అమరుడైన కొడుకు స్నేహితుడినని మాత్రం చెక్కించాడు. వయసు 35 అని ఉంటుంది. ఒక ఏడు ఎక్కువే పడింది. 1902లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని కొడుకు సమాధి మందిరపు రాతిని మలిచి ఇంకొక గుర్తు చేయించారు.

తెల్లపూల మొక్క సంగతి మరీ ఆలస్యం. ఇల్లినాయిలో వైద్యం చేసే అన్నా బిక్స్‌బీకి షానీ తెగ వృద్ధురాలొకరు దాన్ని చూపించిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అదే నిజమైతే, ఆ అడవి ఎవరిదో వాళ్ళకి మొక్క గుణం ముందే తెలుసన్నమాట, కొత్తగా వచ్చి దిగినవాళ్ళు అడిగి తెలుసుకోలేదు. అందులోని విషాన్ని శాస్త్రజ్ఞులు పట్టుకుని ట్రెమెటాల్ అని పేరు పెట్టింది 1928లో. నాన్సీ పోయి అప్పటికి నూటపదేళ్ళు.

ఇవాళ ఆ చోటు జాతీయ స్మారకం, 1962 నుంచి. మెట్లు, దారి, జెండా స్తంభం, ఇనుప కంచె అన్నీ ఉన్నాయి. రాయి నెత్తిన సందర్శకులు సెంటు నాణేలు పెట్టి వెళ్తారు, వాటిమీద ఉన్నది ఆమె కొడుకు ముఖం. మీరు అక్కడికి వెళ్తే కంచె దగ్గరే ఆగిపోవద్దు. చుట్టూ నేల చూడండి. నాన్సీ ఎవరికోసం రాత్రుళ్ళు మేలుకుందో ఆ స్పారోలు అక్కడే ఉన్నారు. వాళ్ళ ఇంట పెరిగినవాళ్ళెవరూ అధ్యక్షులు కాలేదు కాబట్టి వాళ్ళ కోసం దూరం నుంచి ఎవరూ రారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది, ఆ శ్మశానం మొదలైంది వాళ్ళతోనే కదా. అలాగే కాస్త దూరం పోయి లిటిల్ పిజియన్ చర్చి శ్మశానం కూడా చూడండి. 1828 జనవరిలో కాన్పులో బిడ్డతో సహా పోయిన అక్క సారా అక్కడుంది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ చర్చి కట్టడంలో తండ్రి థామస్ చెయ్యి వేశాడు.