విజయనగర దుర్గస్థాపనము: పంచవిజయ ప్రతీతి

విశాఖపట్టణమునుండి యుత్తరముగా సుమారు 60 కిలోమీటర్లు పోయినచో విజయనగరము చేరవచ్చును. కోటలును, దివాణములును, దివాణపుఁ దోఁటలును చూడఁగోరి యా మహానగరమునుండి బయలుదేఱువారికి మొదట చూడఁదగినది యీ పట్టణమే. ఊరి నడుమ ఱాతికోట కలదు. దాని తూర్పువాకిలియగు నగారఖానా యెదుట నిలిచినవారికి స్థలజ్ఞులు చెప్పు మాట యొకటి కలదు: విజయరామరాజు విజయనామ సంవత్సరమున, విజయదశమినాఁడు, జయవారమున, విజయనగరమునకు శంకుస్థాపనము చేసెనని. ఇట్లు విజయము లైదు గూడినవి. మాట వినుట కింపుగా నున్నది. ఇంపైన ప్రతీతులనే మొదట శోధింపవలెను.

పూసపాటివారు మునుపు కుమిలిలో మట్టికోట కట్టుకొని యుండిరి. క్రొత్త కోటకు స్థలమును మహబూబ్ వలి యను ఫకీరు చూపెనని చెప్పుదురు. నాఁడు అడవిగా నుండిన యాచోటఁ గట్టిన దుర్గము ఇంచుమించుగాఁ జతురస్రము. పొడవు 240 మీటర్లు, వెడల్పు 200 మీటర్లు. గోడ యెత్తు 10 మీటర్లు. నాలుగు మూలల నాలుగు బురుజులు. చుట్టును పూర్వము అగడ్త యుండెను. తూర్పువాకిలిమీఁద రాజస్థాన రీతి పనితనము కలదు. వచ్చువారి రాకను భేరీధ్వనిచేఁ దెలుపుట యక్కడ ఆచారము. పడమటి వాకిలి చిన్నది. రాజబంధువుల శవములను దహనమునకుఁ గొనిపోవు దారి యదియే. చూడవచ్చినవారు తూర్పువాకిలి చూచి మరలిపోవుదురు గాని, పడమటిది చూడనివాఁడు కోటలో సగమే చూచినవాఁడు.

ఇఁక ప్రతీతిని విడదీసి చూతము. ఊరి పేరు పెట్టినవారు పెట్టినది. దానికి సాక్ష్య మక్కఱలేదు. సంవత్సరము సరిపోవుచున్నది. దుర్గము 1713లో స్థాపింపఁబడెనని ప్రసిద్ధి. ప్రభవాది గణనమున విజయ 27వది. శాలివాహన శకము 1635, అనఁగా 1713–14, విజయయే. 1712 అన్నచో నందన, 1714 అన్నచో జయ యగును. కావున సంవత్సరనామమును క్రీస్తుశకపు లెక్కయు నొండొంటిని బలపఱచుచున్నవి.

స్థాపకుని పేరు కొంత చిక్కు. ఆయనను విజయరామరాజని కొందఱును, ఆనందరాజని కొందఱును వ్రాసిరి. రెండును ఒక్కని పేళ్లే యని సమన్వయించినవారును గలరు. ఆ వంశమున విజయరామ, ఆనంద నామములు తాతలనుండి మనుమలకు మాటిమాటికి వచ్చుచుండును గనుక ఈ కలఁత సహజము. సమన్వయము నొప్పుకొన్నచో నాలవ విజయము నిలుచును. లేనిచో నది యానందమగును.

చిక్కంతయు వారమునందే యున్నది. జయవారమనఁగా మంగళవారము. శబ్దమును బట్టియే మొదటి సందేహము పుట్టును. జి ధాతువునకు "ఏరచ్" అను సూత్రముచే అచ్ప్రత్యయము వచ్చి జయశబ్ద మేర్పడుచున్నది. వి యనునది యుపసర్గము. ఉపసర్గము లేని జయమును విజయములలోఁ జేర్చుట, నాలుగింటిని అయిదుగాఁ జేయుటకుఁ బడిన పాటువలెఁ దోఁచుచున్నది. అయినను శబ్దమాత్రముచేఁ దిథివారములను కొట్టివేయరాదు, గణితము చూడవలెను.

1713లో భాద్రపదామావాస్య సెప్టెంబరు 20వ తేదీ ప్రాంతమునఁ బడినది. అందుచే ఆశ్వయుజ శుద్ధ దశమి సెప్టెంబరు 28వ తేదీకి ముందుగాని 30వ తేదీకి వెనుకగాని పోఁజాలదు. ఆ మూఁడు దినములు గురు, శుక్ర, శనివారములు. మధ్యమ గణితమున శుక్రవారము లభించుచున్నది. సిద్ధాంత గణితమునకును దృగ్గణితమునకును భేదము కొన్ని ఘడియలే. దానిచే దినము ఒకటి యిటునటు జరుగవచ్చును గాని శుక్రవారము మంగళవారము కాఁజాలదు. అప్పటి యింగ్లీషువారి ప్రాఁత పంచాంగమున తేదీ 11 దినములు వెనుకఁబడి యుండెను. తేదీ మాఱినను వారము మాఱదు. ఆ వారపు మంగళవారము 26వ తేదీ. అప్పటికి దశమి రాలేదు. తరువాతి మంగళవారము అక్టోబరు 3. అది పౌర్ణమికి దాపు. విజయ సంవత్సరమును విజయదశమిని నిలుపుకొన్నచో మంగళవారమును విడువవలసినదే.

అయినచో మంగళవారము కథలోని కెట్లు వచ్చెను? కల్పించినవాఁడు లెక్క తెలియక కల్పించెననుట సులభము; కాని యూరివారి కొక మంగళవారము వేఱే కలదు. ఏటేట విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమునాఁడు పైడితల్లి యమ్మవారి సిరిమాను మూఁడు లాంతరులకడ గుడినుండి కోటదాఁక ముమ్మాఱు తిరుగును. (లాంతరుల ప్రాఁత స్తంభము 2020లోఁ బడఁగొట్టఁబడినది.) పైడితల్లి పెద విజయరామరాజు చెల్లెలనియు, బొబ్బిలి యుద్ధము వలదని యన్నను వారించెననియు ప్రతీతి. ఆ యుద్ధము 1757 జనవరి 24న జరిగినది. కోట పుట్టిన 44 ఏండ్లకు. విజయదశమిని వెన్నంటి వచ్చు నమ్మవారి మంగళవారమే కాలక్రమమున కోట పుట్టినదినముతోఁ గలిసి జయవారమై యుండునని యూహింపవచ్చును. ఇది యూహయే. దీని ననుసరించినచో అయిదు విజయముల కథ 1757కుఁ దరువాతనే యీ రూపము దాల్చినదనవలెను.

కాలము నట్లు నిర్ణయించుట యుక్తమే. బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి కూలినది. గెలిచిన పెద విజయరామరాజు కొలఁది దినములలోనే తన గుడారమునఁ దాండ్ర పాపారాయని చేతఁ జచ్చెను. అతనికిఁ దరువాతి విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభముకడఁ గుంఫిణీ సేనలతోఁ బోరి కూలెను. పేరున విజయము గల యిరువురు ప్రభువులును విజయనగరము వెలుపలనే కత్తికి బలియైరి. ఓడిన బొబ్బిలివారు యుద్ధస్థలమున 1891లో స్మారకస్తంభము నెత్తి తమ యోటమిని దాఁచక నిలుపుకొనిరి. విజయనగరమువారికి మాటలలోనైన విజయములు లెక్కపెట్టుకొనవలసిన యక్కఱ కలిగినచో నాశ్చర్యము లేదు.

ఆ పైని పూసపాటివారి సొమ్ము ఫిరంగులకుఁ గాక వేఱు పనులకుఁ బోయెను. 1857లో పాఠశాల, 1860లో సంస్కృత కళాశాల, 1919లో సంగీత కళాశాల వెలసినవి. ఈ కడపటిదానికి మొదటి యధ్యక్షుఁడు ఆదిభట్ల నారాయణదాసు. కోటలోపల దర్బారునకై 1869లో మోతీమహలు కట్టఁబడెను. 1885లో ఎనిమిది పలకల గంటస్తంభము లేచినది. ఊరి వెలుపలి కోరుకొండ దివాణమును దాని విశాలమైన యావరణమును 1962లో సైనికపాఠశాల యయ్యెను. కోటయే 1958లో స్థాపింపఁబడిన ధర్మసంస్థ ద్వారమున విద్యాలయములకు నెలవైనది. దానిని స్థాపించినవారి పేరును విజయరామ గజపతిరాజే.

సిరిమాను తిరుగునాఁడు ఆ వంశమువారు నేఁటికిని కోటబురుజునఁ గూర్చుండి చూతురు. మాను కోటదాఁక వచ్చి మరలును. జయవారమును గన్నులారఁ జూడఁగోరువారు విజయదశమినాఁడు గాక, మంగళవారమువఱకు నిలిచి, యా బురుజుక్రిందనే చోటు చూచుకొనవలెను.