మహానంది గుండములు

కురిచేడు స్టేషనులో పడమటి బండి నెక్కి, దొనకొండ, మార్కాపురము, కంభము, గిద్దలూరు దాటి, నల్లమలను తొలిచిన సొరంగమును గడచి గాజులపల్లెలో దిగినవానికి మహానంది యెంతో దూరము లేదు. రైలు రాకపూర్వము యాత్రికులు నందికనుమ దారినే అడవి దాటెడివారు. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు సీమలును మహానందివలెనే కర్నూలు జిల్లాలోనివే గాన, ఈ శివక్షేత్రము ప్రకాశము జిల్లా పడమటివారమైన మాకు ఏనాడును పరాయిది కాదు.

మెల్లగా నడచుచు చూడవలసినది ఇచటి నీటి గమనము. గర్భాలయమున లింగము క్రిందినుండి యూరు జలము రుద్రగుండమున నిండి, వెలుపలి బ్రహ్మ, విష్ణు గుండములలోనికి చేరి, ఆపై వరిమళ్లకును అరటితోటలకును పారును. భూగర్భమున లోతునుండి వచ్చుటచే ఋతువు మారినను దీని వేడిమి యించుమించుగా మారదు. మాఘమాసపు వేకువను నులివెచ్చగాను, వైశాఖమున చల్లగాను తోచుటకు మారునది మన చుట్టునున్న గాలియే. అడుగున పడిన నాణెము సైతము కనబడునంతటి నిర్మలత్వమును నేను మరెచ్చటను చూచి యెరుగను.

ఇట్టి నిర్మలత్వమును కాపాడుకొను రీతికి పరదేశపు నిదర్శనమొకటి కలదు. జపానులో మత్సుయామా నగరమందలి దోగో ఉష్ణకుండములు ప్రాచీన కావ్యకాలమునుండియు ప్రసిద్ధములు. అచట 1894లో కట్టిన స్నానశాల నేటికిని నిలిచియున్నది. ఒడలు శుభ్రముగా కడుగుకొనిన పిమ్మటనే వారు కుండమున దిగుదురు. ఆ నియమము మనకును శిరోధార్యము. గుండములలో సబ్బు కలుపుట అపచారమని నా దృఢాభిప్రాయము, ఏలయన ఆ నీరే దిగువ రైతు పొలమునకు చేరుచున్నది.